పిట్ట పేరు మిగిలింది... భాష పోయింది

ఏటా మార్చి 12న ఫారో దీవుల్లో ఒక పిట్టకు స్వాగతం చెబుతారు. నలుపూ తెలుపూ కలిసిన ఒళ్లు, పొడవాటి నారింజ రంగు ముక్కు. చలికాలం దక్షిణాన బ్రిటన్ తీరాల్లో గడిపి, వసంతం రాబోతుండగా తిరిగొస్తుంది. పేరు చాల్దుర్. ఆ దీవుల జాతీయ పక్షి అదే. అక్కడి నుంచి ఆగ్నేయంగా సుమారు 300 కిలోమీటర్ల సముద్రం దాటితే షెట్లాండ్ దీవులు. అక్కడా ఇదే పిట్ట ఉంది. పేరు షాల్డర్. రెండు పేర్లూ ఒకే పాత మాటకు పుట్టిన బిడ్డలు. తేడా ఎక్కడంటే, ఫారో పిల్లలు ఆ పిట్ట పేరు ఏ భాషదో ఆ భాషలోనే లెక్కలూ సైన్సూ చదువుకుంటారు. షెట్లాండ్ పిల్లలకు పేరు ఒక్కటే అందింది. అది పుట్టిన భాష 19వ శతాబ్దం నడుమ కనుమరుగైంది.

ఒకే సముద్రం, ఒకే గాలి, ఒకే జాతి మూలం. అయినా ఒకచోట భాష నిలిచింది, ఇంకోచోట పోయింది. సొంత రాష్ట్రం కాని చోట పిల్లల్ని తెలుగు బడికి పంపే మనకు ఈ రెండు దీవుల కథ దూరపుదేమీ కాదు.

ముందు నేల సంగతి. ఫారోలో 18 దీవులు, దాదాపు 1,400 చదరపు కిలోమీటర్లు, 54 వేల పైచిలుకు జనం. షెట్లాండ్‌లో చిన్నా పెద్దా కలిపి వంద దాకా దీవులున్నా మనుషులుండేవి 16 మాత్రమే. విస్తీర్ణం 1,466 చదరపు కిలోమీటర్లు, జనం 23 వేల చిల్లర. ఫారో అంతా అగ్నిపర్వతాల లావా పొరలు పొరలుగా పేరుకుని ఏర్పడిన నల్లరాయి. కొండలు మెట్లు కట్టినట్టుంటాయి. అన్నిటికన్నా ఎత్తైన శిఖరం 880 మీటర్లు. షెట్లాండ్ నేల అంతకన్నా చాలా పాతది, చాలా రకాల రాళ్లున్నది, కొండలు పొట్టివి. అక్కడ అత్యంత ఎత్తైన రోనాస్ కొండ 450 మీటర్లే. రెండు చోట్లా చెట్లు దాదాపు లేవు. గాలి నిలవనివ్వదు, గొర్రెలు మొలకెత్తనివ్వవు. ఉత్తర ధ్రువానికి అంత దగ్గరైనా సముద్రం గడ్డకట్టదు, ఎందుకంటే అట్లాంటిక్ మీదుగా వచ్చే వెచ్చని ప్రవాహం ఆ తీరాలను తాకుతూ పోతుంది. జూన్‌లో రాత్రి పూర్తిగా చీకటి పడదు.

తిండిలోనూ పోలికలున్నాయి. ఉప్పు కరువైన ఆ నేలలో గొర్రె మాంసాన్ని ఉప్పు పెట్టకుండా గాలికే ఎండబెట్టేవారు. ఉప్పులేని ఉప్పుకండం అనుకోండి! ఫారోలో ఇందుకు సందులున్న చెక్క గదులు ఇప్పటికీ ఇళ్ల పక్కన కనిపిస్తాయి. షెట్లాండ్‌లో ఇదే పనికి గాలి దూరే రాతి గుడిసెలుండేవి. వాటిని స్కియో అనేవారు. ఇప్పుడవి శిథిలాలు. అక్కడ నేడు దొరికేది ఉప్పునీటిలో ఊరవేసి ఎండబెట్టిన మాంసం.

ఈ పోలికలన్నిటికీ కారణం 9వ శతాబ్దంలో నార్వే వైపు నుంచి పడవల మీద వచ్చి స్థిరపడినవారు. వాళ్లు తెచ్చిన భాష ఫారోలో ఫారోయీగా, షెట్లాండ్‌లో నార్న్‌గా మారింది. రెండు చోట్లా జనం ఒకచోట చేరి తగవులు తీర్చుకునే సభను ‘టింగ్’ అన్నారు. ఫారోలో ఆ సభ జరిగిన చోటు టింగనెస్, షెట్లాండ్‌లో టింగ్‌వాల్. ఫారో పార్లమెంటు నేటికీ ఆ పేరుతోనే నడుస్తోంది. షెట్లాండ్‌లో ఊరి పేరొక్కటే మిగిలింది.

దారులు విడిపోయింది ఒక పెళ్లి దగ్గర. డెన్మార్క్-నార్వే రాజు మొదటి క్రిస్టియన్ తన కూతురు మార్గరెట్‌ను స్కాట్లాండ్ రాజు మూడో జేమ్స్‌కిచ్చి చేశాడు. ఒప్పుకున్న కట్నం 60 వేల ఫ్లోరిన్లు. చేతిలో అంత డబ్బు లేదు. 1468లో ఆర్క్నీ దీవులను 50 వేలకు తాకట్టు పెట్టాడు. మిగిలిన పది వేలలో రెండు వేలు ఇచ్చి, బాకీ ఎనిమిది వేలకు 1469లో షెట్లాండ్‌నూ తాకట్టు పెట్టాడు. ఆ తాకట్టు మళ్లీ విడిపించుకోలేదు. 1611లో అక్కడి పాత నార్స్ చట్టాలు రద్దయ్యాయి.

గమనించాల్సిందేమంటే, నార్న్ మాట్లాడకూడదని ఎవరూ చట్టం చేయలేదు. స్కాట్లాండ్ నుంచి భూస్వాములు, పాస్టర్లు, వర్తకులు వచ్చి దీవుల్లో కాపురం పెట్టారు. కోర్టూ చర్చీ కొట్టూ అన్నీ స్కాట్స్ భాషలోనే. రెండు భాషలూ దూరపు చుట్టాలు కాబట్టి ఒకదాన్నుంచి ఒకదానిలోకి జారిపోవడం కష్టం కాలేదు. రెండు మూడు తరాల్లో తల్లిదండ్రులు పిల్లలతో నార్న్ మాట్లాడటం మానేశారు. 1774లో జార్జ్ లో అనే పాస్టర్ ఫూలా అనే మారుమూల దీవికి వెళితే, విలియం హెన్రీ అనే ముసలాయన 35 చరణాల పాత కథాగేయం వినిపించాడు. పాటంతా నోటికొచ్చు. మాట మాటకూ అర్థం మాత్రం చెప్పలేకపోయాడు, కథ సారాంశమే తెలుసు. రాసుకున్న పాస్టరుకు ఆ భాష అసలే రాదు. నార్న్‌లో మనకు దొరికిన పెద్ద రచన అదొక్కటే!

అదే కాలంలో ఫారోలో పరిస్థితి మెరుగ్గా ఉందనుకుంటే పొరపాటు. 16వ శతాబ్దం నుంచి చర్చిలో, కోర్టులో, కాగితం మీద డేనిషే. ఫారోయీకి లిపి పద్ధతి కూడా లేదు. 1781-82లో పాటలూ పదాలూ సేకరించిన యెన్స్ క్రిస్టియన్ స్వాబో ఈ భాష చెడిపోయిందనీ, డేనిష్‌కు చోటిచ్చి తప్పుకోవడమే మేలనీ నమ్మాడు. ఆయన సేకరించింది కాపాడటానికి కాదు, జ్ఞాపకంగా దాచిపెట్టడానికి.

మరి ఎలా నిలిచింది? ఫారోలో డేనిష్ వాళ్లు చాలా తక్కువ. పాస్టరు, అధికారి, 1856 దాకా సాగిన గుత్త వ్యాపారపు కొట్టులో గుమాస్తా, అంతే. గడప దాటి లోపలికొస్తే అంతా ఫారోయీ. పైగా అక్కడ గొలుసు నాట్యం ఉంది. పెద్దలూ పిల్లలూ చేతులు పట్టుకుని వలయంగా నిలబడతారు. వాయిద్యాలుండవు. ఒకరు అందుకుంటే అందరూ పాడతారు, అడుగుల చప్పుడే తాళం. వందల చరణాల వీరగాథలు చలికాలపు రాత్రుల్లో అలా నోటి నుంచి నోటికి పాకాయి. 1800ల మొదట్లో నోల్సోయార్ పావ్ల్ అనే నావికుడు ఇదే పద్ధతిలో ‘పక్షుల పాట’ కట్టాడు. అందులో అధికారులూ వర్తకులూ గద్దలు, డేగలు. చిన్న పిట్టల్ని హెచ్చరించి కాపాడేది చాల్దుర్. దానికి జాతీయ పక్షి హోదా అక్కడి నుంచే వచ్చింది.

ఫూలా ముసలాయన దగ్గరా పాట ఉంది, కానీ కలిసి పాడే వలయం అప్పటికే లేదు. నా మటుకు నాకు అసలు తేడా ఇదే అనిపిస్తుంది.

బడి తర్వాత వచ్చింది, అదీ తేలిగ్గా రాలేదు. 1844లో ఫారో బడుల గురించి డెన్మార్క్‌లో చర్చ జరిగినప్పుడు అది భాషే కాదు, యాస అన్నారు. రెండేళ్లు తిరక్కుండా, 1846లో, హామర్స్‌హైంబ్ అనే యువకుడు పాత నార్స్ మూలాలను బట్టి రాత పద్ధతి ఏర్పరిచాడు. పలకని అక్షరాలు బోలెడు! 1888 క్రిస్మస్ మర్నాడు టోర్స్‌హావ్న్‌లోని పార్లమెంటు భవనంలో భాష కోసం సభ పెట్టారు. 1899లో ఫారోయీలో బోధించే జానపద విద్యాలయం మొదలైంది. అక్కడి ఉపాధ్యాయుడు రాస్ముస్ రాస్ముసెన్ 1909లో ఆ భాషలో తొలి నవల రాశాడు, మరుసటి ఏడు వృక్షశాస్త్ర పాఠ్యపుస్తకం తెచ్చాడు. పుస్తకాలు రాలేదని ఎదురుచూసే మన టీచర్లకు ఆ రెండో పుస్తకం విలువ వేరే చెప్పక్కర్లేదు. 1912లో మళ్లీ అడ్డంకి వచ్చింది, పై తరగతుల్లో బోధన డేనిష్‌లోనే సాగాలని నిబంధన పెట్టారు. అది తొలగి ఫారోయీకి బడిలో సమాన హోదా దక్కేసరికి 1938 అయింది. 1948 స్వపరిపాలన చట్టం దాన్ని ప్రధాన భాషగా గుర్తించింది. అదే చట్టం డేనిష్‌నూ చక్కగా, శ్రద్ధగా నేర్పాలంది. ఈనాటి ఫారో పిల్లలు డేనిష్, ఇంగ్లీషు రెండూ నేర్చుకుంటారు. ఇంటి భాషలో చదవడం వాళ్లకు అడ్డు రాలేదు.

రెండు దీవుల్నీ మళ్లీ కలిపిన మనిషి యాకోబ్ యాకోబ్సన్. ఫారో వాడు, భాషావేత్త, 1864లో పుట్టాడు. (పర్లాకిమిడిలో పంతులుగా ఉండి వాడుక తెలుగు కోసం పోరాడుతూనే సవర భాషకు నిఘంటువు చేసిన గిడుగు రామమూర్తి పుట్టింది 1863లో. యాకోబ్సన్ కూడా పలికినట్టే రాయాలని వాదించాడు, ఓడిపోయాడు.) 1893లో షెట్లాండ్ చేరి సుమారు మూడేళ్లు ఊరూరా తిరిగాడు. నార్న్ మాట్లాడేవారు ఎవరూ మిగల్లేదు. అయినా రైతుల నోట, జాలర్ల నోట దాదాపు పది వేల నార్న్ పదాలు దొరికాయి. గొర్రెల రంగుల పేర్లు, గాలుల పేర్లు, పడవ భాగాల పేర్లు. జాలర్లు సముద్రం మీద కొన్ని మాటలు పలికితే అరిష్టమని వాటికి బదులు పాత నార్న్ మాటలు వాడేవారు. రాత్రిపూట మనం పామును పురుగు అనడం లాంటిదే. భయం వల్ల కొన్ని మాటలు బతికాయి. ఆ ముక్కల్ని ఆయన వెంటనే పోల్చుకోగలిగాడంటే, వాటి తోబుట్టువులు తన తల్లి భాషలో బతికే ఉండటం వల్లనే.

ఇప్పుడు షెట్లాండ్‌లో జనవరి చివరి మంగళవారం లెర్విక్‌లో వైకింగ్ వేషాలతో కాగడాలు పట్టి ఊరేగి, పడవను తగలబెట్టే పెద్ద పండుగ జరుగుతుంది. చూడముచ్చటైన పండుగే. అయితే ఆ వైకింగ్ వేషం 19వ శతాబ్దం చివర్లో, భాష పోయిన తర్వాత మొదలైంది. పాటలు ఇంగ్లీషులో ఉంటాయి.

షెట్లాండ్ వాళ్ల నేటి మాట స్కాట్స్‌లో ఒక యాస. అందులో నార్న్ పదాలు ఇంకా మెరుస్తుంటాయి. ‘నువ్వు’, ‘మీరు’ తేడా ఇంగ్లీషు వదులుకున్నా వాళ్లు వదల్లేదు. దగ్గరివాళ్లను ‘డు’ అంటారు. ఒకప్పుడు బడిలో ఈ యాస వినిపిస్తే సరిదిద్దేవారు. ఇప్పుడు స్థానికులే పిల్లల కోసం అందులో కథలూ పదాల పుస్తకాలూ తయారుచేసి బడులకిస్తున్నారు. పక్షుల పేర్లుంటే, వాటిలో షాల్డర్ కూడా ఉంటుంది.