ఘంటసాలవారి పుష్పవిలాపము

పద్యమును చదువవలయునా, పాడవలయునా యను సందేహము తెలుగు పాఠము చెప్పు ప్రతి యుపాధ్యాయునకును గలుగుచుండును. శిక్షణ కళాశాలలో మాకు ఆదర్శపఠన మను పేరుతో దీనికొక సమాధానము నేర్పిరి: అర్థము చెడకూడదు, పదము విరుగకూడదు, రాగము మితిమీరకూడదు. సూత్రము సులభమే, దానికి లక్ష్యము చూపుట కష్టము. నాకు దొరికిన లక్ష్యము ఒక గ్రామఫోను రికార్డు. కరుణశ్రీగారి పుష్పవిలాపమును ఘంటసాల వేంకటేశ్వరరావుగారు పాడిన యా రికార్డును నేను ఎన్ని మారులు వింటినో లెక్క లేదు. దానిని గూర్చి యీ సంచికలో కొంత వ్రాయ నుద్దేశించితిని.

కరుణశ్రీ యనగా జంధ్యాల పాపయ్యశాస్త్రిగారు. వీరు 1912లో గుంటూరు మండలమందలి కొమ్మూరున జన్మించి, గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో చిరకాలము తెలుగు బోధించిరి. పుష్పవిలాపము వారి ఉదయశ్రీ కావ్యములోనిది. ఘంటసాలవారు 1922లో గుడివాడ సమీపమందలి చౌటపల్లిలో పుట్టిరి. నందిగామ, జగ్గయ్యపేటలు 2022లో ఎన్టీఆర్ జిల్లాలో చేరినవి గాని, అంతవరకు వారును మనమును ఒక్క కృష్ణా జిల్లావారమే. వారు విజయనగరమున మధుకరమెత్తి సంగీతము నేర్చుటయు, 1942 ఉద్యమమున చెఱకు బోవుటయు, పిమ్మట చలనచిత్రములలో గడించిన కీర్తియు పెద్దలెరిగినవే గనుక విస్తరింపను. 1974లో వారు పరమపదించిరి.

కథ చిన్నది. ఒకడు వేకువనే లేచి, పూజకు పూలు కోయ దలచి తోటలోనికి బోవును. కొమ్మ వంచినంతనే పూలు మాటలాడును. సన్నజాజి సన్నని గొంతుతో బ్రతిమాలును. గులాబి కోపముతో ఎఱ్ఱబడును. తమకున్న నాలుగు గడియల యాయువును తల్లికొమ్మపై గడపి, ఆమె పాదములచెంతనే రాలిపోవుట తమకు చాలునని పూలు చెప్పుకొనును. తమ్ము సూదితో గ్రుచ్చుటయు, దారముతో బిగించుటయు, ఒక్క రాత్రి ముచ్చట తీరగనే తెల్లవారి చీపురుతో చిమ్మిపారవేయుటయు ఒక్కొక్కటిగా నేకరువు పెట్టును. చేయి సాగక యతడు వట్టి చేతులతో తిరిగివచ్చి, జరిగినదంతయు ప్రభువుతో మనవి చేసికొనును.

నిమిషమునకు 78 చుట్లు తిరుగు లక్కపళ్లెముల కాలములో ఒక ప్రక్క మూడు నిమిషములకంటె నంతగా నెక్కువ పట్టెడిది కాదు. ఈ యిరుకు కవికిని గాయకునికిని మేలే చేసినదని నా యభిప్రాయము. పెనుగంచిప్రోలు తిరునాళ్ల నాటకములలో పద్యము విన్నవారికి నా మాట తెలియును. నటుడు చివరి యక్షరమును పట్టుకొని రాగము సాగదీయును, జనులు వన్స్‌మోరందురు, అతడు మరల నందుకొనును, అంతలో రాజుగారి దుఃఖ మేమైనదో యెవరికిని జ్ఞాపకముండదు. ఘంటసాలవారికి అట్టి యవకాశము లేదు. రాగము పద్యమునకు వలసినంతయే వచ్చి తొలగిపోవును. పద్యమునకు పద్యమునకు నడుమ వారు రెండు మాటలు వచనములో చెప్పుదురు. ఎవరు పలుకుచున్నారో ఆ మాటలవలననే తెలియును గనుక పాట వినువాడు దారి తప్పడు. పాఠము చెప్పువారు గమనింపదగిన యుపాయమిది.

బాలబాలికలారా, ఛందస్సు విసుగని మీరనుకొందురు. ఇందలి ఉత్పలమాలలను వినుడు. పాదమునకు 20 అక్షరములు, పదవ యక్షరము యతిస్థానము. మీరు అచ్చటికి రాగానే, పదము సగములో నున్నను సరే, ఊపిరి విడుతురు. ఘంటసాలవారు అర్థము ముగిసినచోట నాగుదురు. యతి దానంతటదే చెవిని బడును. నింద కటువైనచోట్ల కవి పొట్టి నడకగల తేటగీతిని తెచ్చెను. అచ్చట గాయకుడు గొంతు పెంచునేమో యని యెదురుచూతుము. పెంచడు.

ఈ రికార్డువలన ఒక చిక్కును గలదు. దీనిని విన్న కుఱ్ఱవాండ్రు కొందరు సుమతీశతకమునకు సైతము ఈ యేడుపు తగిలించుచున్నారు. నీతిపద్యమునకు కన్నీ రెందులకు?

గత సంవత్సరము తొమ్మిదవ తరగతిలో దీనిని వినిపించినప్పుడు ఒక బాలిక లేచి, "మాస్టారండీ, మా అమ్మ పూలు కట్టి మూరల లెక్కన అమ్ముతుంది. అయితే మా అమ్మ పాపం చేస్తున్నట్టా?" అని యడిగినది. తరగతి నిశ్శబ్దమయ్యెను. నేను సమాధానము చెప్పక రికార్డును మరల మొదటినుండి పెట్టి, తిట్లు పడుచున్న దెవరో చూడుమంటిని. పూలు కట్టువారి ప్రస్తావన కవితలో నున్నమాట నిజమే. కాని యా మాటలను మనకు చెప్పుచున్నవాడు బుట్ట పట్టుకొని పోయినవాడు. తాను పడిన చీవాట్లను తానే యొప్పగించుచున్నాడు. ఘంటసాలవారి గొంతులో నున్నది తిట్టువాని బిగువు కాదు, తిట్లు తిన్నవాని వణకు. ఆ పిల్ల కొంతసేపు వినినది. "రాత్రి తొమ్మిది దాటితే మూర ఎవ్వరూ అడగరండీ. మిగిలినవి పారబొయ్యడమే," అన్నది. మరునాడు చీపురు పద్యమును తప్పులేక యొప్పగించినది ఆమె యొక్కతెయే.

పూలు చివర బుద్ధుని పేరెత్తి, ఆయన పుట్టిన నేలను పుట్టియు ప్రేమను చంపుకొంటివా యని యడుగును. జగ్గయ్యపేట పిల్లలకు ఈ మాట దూరదేశపు మాట కాదు. 1882లో బర్జెస్ దొర పరిశీలించిన బౌద్ధస్తూపము ఊరిచెంతనే, ధనంబోడు మీద నున్నది. అచ్చటికి విహారయాత్రకు బోయినప్పుడు ఈ పద్యమును ఒకరిచేత చదివింప దలచియున్నాను.

ఘంటసాలవారు పాడిన కరుణశ్రీగారి కుంతికుమారియే గొప్పదని వాదించు తలిదండ్రులు పెక్కురున్నారు. నదిలో బిడ్డను విడిచిన తల్లి కథ గనుక కన్నీరు త్వరగా వచ్చును. నేను మాత్రము పుష్పవిలాపమునే ముందుంచుదును. కుంతి దుఃఖమునకు కథయే సగము బలము. ఇచ్చట నున్నది ఒక పూలమొక్క, ఒక బుట్ట, ఒక గొంతు.