నీడ కోసం చేసిన శిల్పం

మా తెనాలిలో నాయకుల విగ్రహాలు పోతపోసేవాళ్లున్నారు, పాత ఇనప సామాను అతికించి బొమ్మలు చేసేవాళ్లూ ఉన్నారు. కాబట్టి శిల్పమంటే రాతిదే అయ్యుండాలన్న పట్టింపు నాకెప్పుడూ లేదు. అయినా అమెరికాలో, హార్వర్డ్ ఆర్ట్ మ్యూజియమ్స్‌లో ఉన్న ‘లైట్ ప్రాప్’ని చూస్తే ఎవరో మరమ్మతుకని విప్పి వదిలేసిన యంత్రమేమో అనిపిస్తుంది. దాదాపు ఐదడుగుల ఎత్తు. గుండ్రటి పీఠం మీద చిల్లులున్న లోహపు బిళ్లలు, జాలీలు, మెలి తిరిగిన గాజు కడ్డీ. తిప్పడానికి ఓ మోటారు.

చేసినవాడు లాస్లో మొహొయ్-నాజ్. 1895లో హంగరీలో పుట్టి, 1923 నుంచి 1928 దాకా జర్మనీలో బౌహౌస్ కళాశాలలో పాఠాలు చెప్పాడు. ఇంజనీరింగు డ్రాయింగులు స్టెఫాన్ షెబోక్ గీస్తే, ఏఈజీ అనే కరెంటు సామాన్ల కంపెనీ తయారీకి సాయం చేసింది. 1930లో పారిస్‌లో ప్రదర్శించారు. మోటారు తిరిగి లైటు పడ్డప్పుడు చూడాల్సింది యంత్రాన్ని కాదు, గోడని. తోలుబొమ్మలాటలో తెర వెనక్కి ఎవరూ తొంగి చూడరు కదా! ఆ నీడల్నే ఆయన ఐదారు నిమిషాల సినిమాగా కూడా తీశాడు.

ఆయన కెమెరా లేకుండా వెలుతురుతోనే చేసిన బొమ్మలు, అంటే ఫొటోగ్రామ్‌లు మాత్రం నాకెవరూ వివరించక్కర్లేదు. చాలా ఏళ్లు స్టూడియో నడిపినవాణ్ని. డార్క్‌రూమ్‌లో ఎర్రలైటు కింద బ్రొమైడ్ పేపరు పరిచి, దానిమీద తాళంచెవో ఆకో పెట్టి, ఒక్క క్షణం తెల్లలైటు వేసి తీసేయండి. పేపరు డెవలపర్‌లో ముంచితే వెలుతురు తగిలినచోట నల్లబడుతుంది, వస్తువు కప్పినచోట తెల్లగా మిగులుతుంది. గాజుముక్క లాంటిదైతే మధ్యలో రకరకాల బూడిదరంగులు. తర్వాత హైపోలో వేసి కడిగితే సరి. కెమెరా లేదు, నెగెటివ్ లేదు, రెండో కాపీ రాదు. మేం పేపరు పాతబడిందో లేదో చూసుకోవడానికి చేసే పని ఇది. ఆయన దాన్నే బొమ్మ చేశాడు. పద్ధతి మరీ కొత్తదేం కాదు. ఇంగ్లండులో అన్నా అట్కిన్స్ 1843లోనే సముద్రపు నాచుని ఇలా నీలిరంగులో అచ్చు తీసింది. అయితే ఆమెకి కావలసింది నాచు ఆకారం, ఈయనకి కావలసింది వెలుతురు.

1922లో మొదలైన ఈ ప్రయోగాల్లో ఆయన మొదటి భార్య లూసియాకీ భాగముంది. ఫొటోగ్రఫీ పనితనం బాగా తెలిసిన మనిషి. ఆ సంగతి ఆవిడే 1972లో పుస్తకం రాసి చెప్పుకోవాల్సి వచ్చింది. మా స్టూడియోలోనూ నెగెటివ్‌ల టచింగ్ అంతా మా ఆవిడదే, బోర్డు మీద పేరు నాది.

మొహొయ్-నాజ్ 1946లో షికాగోలో పోయాడు. రెండో భార్య సిబిల్ 1956లో యంత్రాన్ని హార్వర్డ్‌కి ఇచ్చేసింది. తిరిగే వస్తువు అరుగుతుంది. ఇప్పటికే కొన్ని భాగాలు మార్చారు. అందుకే రోజంతా తిప్పరు, కాసేపు తిప్పి ఆపేస్తారు. కాగితం మీది బొమ్మల్ని కూడా వెలుతురు పాడు చేస్తుందని కొన్నాళ్లుంచి లోపల పెట్టేస్తారు. జాగ్రత్త మంచిదే కానీ, ఆగి ఉన్న లైట్ ప్రాప్ నా లెక్కలో సగం శిల్పమే.

బోస్టన్‌లో పిల్లల దగ్గరికి వెళ్లే పెద్దవాళ్లకి ఒక మాట. ఆ పక్కనే ఉన్న ఈ మ్యూజియానికి టికెట్టు లేదు, సోమవారం సెలవు. యంత్రం ఎప్పుడు తిప్పుతారో ముందే కనుక్కుని వెళ్లండి.