తువ్వాలు వేసిన సీట్లు

మా సీలేరులో నర్సీపట్నం బస్సు ఇంకా ఆగకముందే కిటికీల్లోంచి తువ్వాళ్లు లోపల పడతాయి. వాటి వెనకే ఒక చేతిసంచి, ఒక గొడుగు. సీటు పట్టేసినట్టే. తర్వాత ఎక్కినవాడు తువ్వాలు చూసి పక్కకు జరుగుతాడు. ఎవడో కొంటెవాడు యాభై తువ్వాళ్లు తెచ్చి, అన్ని సీట్ల మీదా పరిచి, తాను ఎక్కకుండా పోయాడనుకోండి. టైరు పంక్చరు కాలేదు, ఇంజను చెడలేదు. అయినా దారిలోని ధారాలమ్మ ఘాట్‌ రోడ్డులో జనం మెట్ల మీద వేలాడుతుంటారు, లోపల సీట్లు ఖాళీ. (నిజానికి మన కండక్టరు రెండు నిమిషాల్లో ఆ తువ్వాళ్లన్నీ ఊడ్చి బయట పడేస్తాడు. కంప్యూటరుకు ఆ తెగువ రావడానికి చాలా ఏళ్లు పట్టింది.)

కంప్యూటర్ల వాళ్లు ఈ కొంటెపనికి 'సిన్ ఫ్లడ్' అని పేరు పెట్టారు. సర్వరులోకి చొరబడకుండా, ఏమీ దొంగిలించకుండా, వచ్చేవాళ్లకు సేవ అందకుండా చేసే డినయల్ ఆఫ్ సర్వీస్ దాడుల్లో ఇదొకటి. మా గుంటవాడ డ్యామ్ గేట్లు ఎత్తిన రోజు ఏరు చూసినవాణ్ణి కనుక, దీన్ని వరద అనడానికి నాకు మనసొప్పదు. దీనికి పెద్ద ప్రవాహం అక్కర్లేదు, చిన్న ధార చాలు.

ఇంటర్నెట్‌లో రెండు యంత్రాలు మాట్లాడుకునే పద్ధతి టీసీపీ. వింటన్ సెర్ఫ్, బాబ్ కాన్ 1974లో దాన్ని ప్రతిపాదించారు, 1981లో ప్రమాణంగా స్థిరపడింది. మాట మూడు విడతల్లో కలుస్తుంది. "రావచ్చా?" అని ఇవతలివాడు అడుగుతాడు, ఆ మాటే సిన్. "రా" అని సర్వరు బదులిచ్చి, తన చిట్టాలో ఒక వరస రాసుకుంటుంది. "వచ్చా" అని మూడో మాట రాగానే సంభాషణ మొదలు. ఆ మూడో మాట రాకపోతే? సర్వరు ఎదురుచూస్తుంది. పాత యూనిక్స్ యంత్రాల్లో 75 సెకన్లు. ఆ చిట్టాలో పట్టేది చాలాచోట్ల పదీ పరకా వరసలే. అడిగేవాడు తప్పుడు చిరునామా రాసి పంపితే సర్వరు బదులు ఎవరికీ చేరదు, మూడో మాట ఎప్పటికీ రాదు. చిట్టా నిండిపోయాక అసలు మనిషి వచ్చి తలుపు తట్టినా పలికేవాడుండడు.

ఈ లోపాన్ని 1994లోనే బిల్ చెస్విక్, స్టీవ్ బెల్లోవిన్ గమనించారు. ఫైర్‌వాల్స్ మీద తాము రాస్తున్న పుస్తకంలో దీని గురించి ఒక పేరా రాసి, మళ్లీ తీసేశారు. విరుగుడు లేని రోగం పేరు ఎందుకు చాటడం అనుకున్నారేమో. రెండేళ్లు విరుగుడూ రాలేదు, రోగమూ దాగలేదు. 1996లో దాడి చేసే ప్రోగ్రాము హ్యాకర్ల పత్రికల్లో అచ్చయింది. ఆ సెప్టెంబరులో న్యూయార్క్‌లోని పానిక్స్ అనే ఇంటర్నెట్ సంస్థ మీద పడ్డారు. రోజుల తరబడి దాని మెయిలూ, వెబ్ సేవలూ మొరాయించాయి.

అదే నెలలో డాన్ బెర్న్‌స్టీన్ అనే గణితజ్ఞుడికి ఓ ఉపాయం తట్టింది. చిట్టాలో రాసుకోవడం ఎందుకు? సర్వరు "రా" అన్నప్పుడు ఎలాగూ 32 బిట్ల సంఖ్య ఒకటి పంపుతుంది. చిట్టాలో రాయాల్సింది ఆ సంఖ్యలోనే చీటీగా రాసేస్తే సరి. ఐదు బిట్లలో సమయం, అదీ 64 సెకన్లకు ఒక అంకె చొప్పున. మూడు బిట్లలో ఎంత పెద్ద పొట్లం పట్టుకోగలడన్న గుర్తు. మిగతా 24 బిట్లలో ఇద్దరి చిరునామాలనూ ఒక రహస్యాన్నీ కలిపి నూరిన ముద్ర. చీటీ ఇచ్చేసి సర్వరు ఆ మనిషిని మరచిపోతుంది. నిజంగా వచ్చేవాడు ఆ సంఖ్యకు ఒకటి కలిపి తిరిగి తెస్తాడు, ముద్ర సరిపోతే సీటు దొరుకుతుంది. తువ్వాళ్లకు విలువ పోయింది. దీన్నే సిన్ కుకీ అంటారు. ఈ మరుపులో కొంత నష్టముంది, మొదటి మాటలో వచ్చిన చిన్నచిన్న షరతులు కొన్ని చీటీలో పట్టవు. అందుకే లినక్స్ మామూలు రోజుల్లో చిట్టానే వాడి, అది నిండినప్పుడు మాత్రమే చీటీలకు దిగుతుంది.

దాడిచేసేవాళ్లు ఊరుకోలేదు. బస్సు వదిలేసి రోడ్డు పట్టారు, అంటే సర్వరుకు వెళ్లే దారినే నింపేయసాగారు. 2016లో మిరాయ్ అనే ప్రోగ్రాము, కొన్నప్పటి పాస్‌వర్డ్ మార్చని సీసీ కెమెరాలనూ రౌటర్లనూ వేలకు వేలు లోబరుచుకుంది. అలాంటి సేనతోనే అక్టోబరు 21న, వెబ్‌సైట్ల చిరునామాలు వెతికిపెట్టే డైన్ అనే సంస్థను కమ్మేస్తే ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ చాలామందికి తెరుచుకోలేదు. ఘాట్‌లో లారీలు అడ్డం తిరిగాక కండక్టరు ఎంత తెలివైనవాడైతే ఏం?

పవర్‌హౌస్ ఉన్న ఊరివాణ్ణి గనక నాకు ఎక్కువగా గుర్తుండేది 2015 డిసెంబరు 23. ఉక్రెయిన్‌లో మూడు విద్యుత్ పంపిణీ సంస్థల కంప్యూటర్లలోకి హ్యాకర్లు దూరి బ్రేకర్లు తెరిచేశారు. దాదాపు 2,25,000 మంది వినియోగదారులకు కరెంటు పోయింది. అదే సమయంలో కాల్‌సెంటర్‌కు దొంగ ఫోన్లు కుప్పలుగా వచ్చిపడ్డాయి, కరెంటు పోయిందని చెప్పబోయిన వాళ్లకు లైను దొరకలేదు. చీటీ ఇచ్చి మరచిపోయే ఉపాయం ఆ కాల్‌సెంటర్ దగ్గర లేదు. చివరికి సిబ్బంది సబ్‌స్టేషన్లకు వెళ్లి బ్రేకర్లను చేత్తో వేశారు. కొన్ని గంటల్లో దీపాలు వెలిగాయి.