మ్యాక్రోల విస్తరణము



పంజాగుట్ట నుండి అమీర్‌పేట మైత్రీవనము వైపు నడచువారికి కంప్యూటరు శిక్షణాలయముల పేరుపలకలు వరుసగా కానవచ్చును. దూరపు పల్లెల నుండి వచ్చిన పిల్లలెందరో అచట ఉద్యోగమునకై విద్య నేర్చుచుందురు. ఆ విద్యలో మ్యాక్రో యనునది, వ్యాకరణము చెప్పి జీవించిన నాకు పాత చుట్టమువలె తోచినది. నేటి ప్రసంగమునకు విషయమదియే.

పెద్ద ప్రోగ్రాము ఒక్క ఫైలులో నిముడదు. అనేకములైన ఫైళ్లను యంత్రభాషలోనికి మార్చి, ఒకదానితో నొకటి కూర్చి, పరీక్షించి, నడువదగిన రూపమునకు తెచ్చుటకు బిల్డు అని పేరు. ఒక ఫైలు మారినచో దానిపై నాధారపడినవానిని మాత్రమే మరల కట్టి, తక్కినవానిని ముట్టకుండుట ఇందలి నేర్పు. ఈ పనికై 1976వ సంవత్సరమున అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ 'మేక్' అను సాధనమును నిర్మించెను.

అందు మ్యాక్రో యనగా పెద్ద వ్రాతకు పెట్టిన చిన్న పేరు. పాణిని 'అచ్' అను సంజ్ఞతో అచ్చుల నన్నిటిని గ్రహించి, మరల వాని పట్టిక వ్రాయు శ్రమను తప్పించెను గదా! అట్లే మ్యాక్రో పేరు కనబడినచోట సాధనము దాని పూర్తి వ్రాతను నిలుపును. కొన్నిటియందు ఖాళీ స్థానములు కూడ నుండును. పిలిచినప్పుడు మన మిచ్చు విలువలు వానిలో చేరును.

చిక్కు దీనిని పెంచవలసి వచ్చినప్పుడు కలుగును. ఒక మ్యాక్రో ప్రోగ్రామును కట్టి, దాని పరీక్షను నడుపుననుకొందము. నలువదిచోట్ల దానిని వాడుచున్నారు. ఒక్కచోట పరీక్షకు కాలపరిమితి తగ్గింపవలసి వచ్చినది. ఏమి చేయవలెను? మ్యాక్రోలోని వ్రాతనే దిద్దినచో, తక్కిన ముప్పదితొమ్మిది చోట్ల అర్థము చెప్పకయే మారిపోవును. నకలు తీసి మార్చినచో, రేపొక దోషము కనబడినప్పుడు ఒకదానిని దిద్ది రెండవదానిని మరతుము. కావున కాలపరిమితి యను క్రొత్త స్థానమును చేర్చి, ఏమియు చెప్పనివారికి పూర్వపు విలువయే నిలుచునట్లు చేయుట యుత్తమము.

గూగుల్ సంస్థ 2015లో లోకమున కిచ్చిన 'బేజెల్' అను సాధనము ఈ మర్యాదను నియమముగా చేసినది. 2024 డిసెంబరులో వెలువడిన దాని యెనిమిదవ రూపమున సింబాలిక్ మ్యాక్రోలు వచ్చినవి. ఇందు ప్రతి స్థానమునకును అది యే జాతి విలువను గైకొనునో ముందే చెప్పవలెను. వేరొక నియమమునకు గల స్థానములను, సూత్రములలోని అనువృత్తివలె, మరల వ్రాయకయే తెచ్చుకొనవచ్చును. మ్యాక్రో పుట్టించిన వస్తువులకు దాని పేరే ఇంటిపేరువలె ముందుండవలెను. లోపలి వస్తువులు, కోరి చూపిననే తప్ప, బయటివారికి అందవు. అందుచే లోపలి యమరికను మార్చినను వాడువారికి హాని కలుగదు.

ఇంత జాగ్రత్త యేల? మేక్‌లో ఆజ్ఞ వ్రాయు పంక్తి ట్యాబుతో మొదలు కావలెను. ఖాళీలు పెట్టిన పనికిరాదు. చూపునకు రెండును ఒక్కటే యగుటచే నేర్చువారు తడబడుదురు. ఈ చిక్కు ఫెల్డ్‌మన్‌కు తొలినాళ్లలోనే తెలిసినది. అప్పటికి వాడువారు సుమారు పన్నెండుగురు మాత్రమే. వారిని కష్టపెట్టనొల్లక ఆయన దానిని మార్చలేదు. నేటికిని ఆ నియమమట్లే యున్నది. నలుగురు వాడిన మాట వ్రాసినవాని సొత్తుగా మిగులదు.

మన పెద్దలీ సంగతి నెరిగినవారు. కాత్యాయనుడు పాణిని సూత్రములను చెరిపి తిరిగి వ్రాయలేదు. కొరత యున్నచోట వార్తికములు చేర్చెను. చిన్నయసూరి బాలవ్యాకరణము 1858లో వెలువడగా, బహుజనపల్లి సీతారామాచార్యులు 1885లో ప్రౌఢవ్యాకరణముతో దాని శేషమును పూరించెను. మూలము నేర్చినవారి చదువు వ్యర్థము కాలేదు. క్రొత్త ప్రయోగములకును చోటు దొరకినది.

శిక్షణాలయము వీడి ఉద్యోగమున చేరిన పిల్లలకు మొదట చేతికి వచ్చునది పరుల మ్యాక్రోయే. దానిని ముట్టుటకు ముందు, ఎవరెవరు ఎచ్చటెచ్చట వాడుచున్నారో వెదకి చూచుట వారి మొదటి ధర్మము. వ్రాత నేర్పు ఆ తరువాతి మాట.