గత్తము, దిగుబడి: లెక్కలో నమ్మిక యెంత?

గత్తము వేసినకొలది పంట పెరుగునని మనమందఱము అందుము. ఎంత వేసిన ఎంత పెరుగును, ఆ మాటను ఎంతవఱకు నమ్మవచ్చును అని యడిగినచో బదులు చెప్పుట కష్టము. అప్పుచేసి యెరువు కొను రైతునకు ఇది వట్టి వేడుక ప్రశ్న కాదు. దీనికి గణితశాస్త్రము చూపు మార్గమును మనవి చేసెదను.

నాగావళి యొడ్డున సమానమైన మళ్లు పది కలవనుకొందము. కొన్నింటికి తక్కువ, కొన్నింటికి ఎక్కువ బండ్ల గత్తము వేసి, కళ్లమున ధాన్యము కొలిచితిమి. ఏ మడికి ఎన్ని బండ్లో చీట్లు తీసి నిర్ణయింపవలెను. లేనిచో మంచి మడికే ఎక్కువ గత్తము పడి, నేల గుణము ఎరువు గుణముగా కనబడును. గళ్ల కాగితముపై మడికొక చుక్క పెట్టి, చుక్కల నడుమ సరళరేఖ నొకదానిని గీయుదము. చుక్కలనుండి రేఖకు గల నిలువు దూరముల వర్గముల మొత్తము మిక్కిలి తక్కువ కావలెను. దీనినే రేఖీయ ప్రతిగమనమందురు. బండి యొకటి పెరిగినపుడు దిగుబడి యెంత పెరుగునో తెలుపునది రేఖ వాలు. అది 2 కుంచములని తేలినదనుకొందము.

తర్కశాస్త్రమున సిద్ధాంతమునకు ముందు పూర్వపక్షమును నిలుపుదురు గదా. ఇక్కడి పూర్వపక్షమిది: గత్తమువలన ఏమియు లేదు, అసలు వాలు సున్న, కనబడిన 2 కుంచములు కాకతాళీయము. చుక్కలు రేఖకు ఎంత చెదరియున్నవో చూచి, వాలులో రాదగిన తప్పును గణింతురు. దానికి ప్రామాణిక దోషమని పేరు. అది 0.8 అయినచో, 2ను దానిచే భాగింపగా 2.5 వచ్చును. పది మళ్లకు హద్దు 2.306. పూర్వపక్షమే నిజమైనచో, అటో యిటో ఈ హద్దు దాటుట నూటికి 5 మాఱులు మాత్రమే జరుగును. మనది దాటినది, పూర్వపక్షమును విడుతుము. దాటకున్నచో గత్తము వ్యర్థమని తేలినట్లు కాదు, సాక్ష్యము చాలలేదనియే అర్థము. కొద్ది పరీక్షలకు తగిన ఇట్టి హద్దుల లెక్కకు మూలమును, డబ్లిన్ నగరపు గిన్నెస్ బీరు కర్మాగార ఉద్యోగి గాసెట్ 1908లో స్టూడెంట్ అను మాఱుపేరుతో ప్రకటించెను.

ఇంతతో పని తీరలేదు. 0.8ని 2.306చే గుణింపగా సుమారు 1.84. దానిని 2నుండి తీసివేసి, 2కు కలిపి చూడగా, 0.16 మొదలు 3.84 వఱకు అంతరము వచ్చును. ఇది విశ్వాసాంతరము. ఇట్లే నూఱు పరీక్షలు చేసి నూఱు అంతరములు కట్టినచో, సుమారు 95 అంతరములలో అసలు వాలు ఇమిడియుండును.

బండి గత్తమునకు ఒక కుంచము ధాన్యము ఖర్చనుకొనుడు. అసలు లాభము కుంచమునకు లోపుగాను ఉండవచ్చును, మూడు కుంచములకు మించియు ఉండవచ్చును. గత్తము పనిచేయునన్నది తేలినది, గిట్టునన్నది తేలలేదు. ఈ రెంటికి గల భేదము తెలియకయే పెక్కుమంది అప్పులపాలగుదురు. మళ్లు నాలుగింతలైనచో దోషము సుమారు సగమగును. అప్పుడును వాలు 2 అయియే యున్నచో, అంతరము 1.2 మొదలు 2.8 వఱకు కుదించుకొని, గిట్టునని చెప్పవచ్చును.

మన వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తున గణితము చదివిన కల్యంపూడి రాధాకృష్ణారావుగారు (1920–2023) 1945లో ఒక గొప్ప విషయమును నిరూపించిరి. పక్షపాతము లేని యంచనా ఎంత నిపుణుడు చేసినదైనను, దాని చెదరుట ఒక హద్దుకంటె తగ్గదు. కావున సందేహమును అంకెలతో చెప్పుట అజ్ఞానము కాదు, శాస్త్రధర్మము. ఎవరైనను ఈ యెరువుతో ఇన్ని కుంచములు పెరుగునని చెప్పినపుడు, ఎన్ని మళ్లలో చూచితిరి, అంతరమెంత అని పెద్దలు మీరు తప్పక యడుగవలెనని నా మనవి.