పల్నాటి గాథకు నడక

పల్నాటి వీరగాథను చదువుట వేరు, వినుట వేరు. కార్తికమాసాంతమున కారెంపూడిలో వీరుల ఉత్సవములు జరుగును: రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఐదు దినములు. వీరవిద్యావంతులు కథ నెత్తుకొన్నపుడు మొదట చెవికి సోకునది మాట కాదు, నడక. నాగమ్మ పంతమైనను, బాలచంద్రుని తొందరయైనను ఆ నడకమీదనే రావలెను.

శ్రీనాథుని కృతిగా ప్రసిద్ధమైన పల్నాటి వీరచరిత్రము మంజరీద్విపదలో నున్నది. సీసమునకు పేరుపడిన కవి ఇచట సీసము జోలికి పోలేదు. పాదమునకు మూడు ఇంద్రగణములు, ఒక సూర్యగణము. ప్రాసనియమము లేదు గనుక కథ ఆగక సాగును. 1911లో అక్కిరాజు ఉమాకాంతముగారు దీనిని ప్రకటించిరి. ఛందస్సు అచ్చులో నిలిచినది, బాణీ నిలువలేదు.

బాణీని నిలుపుకొన్న దేశమొకటి కలదు. 1936లో హంగేరీ స్వరకర్త బేలా బార్టోక్ టర్కీకి వెళ్లి, అదానా ప్రాంతమున సంచారజాతుల పాటలను ఫోనోగ్రాఫు మైనపు గొట్టములమీద పట్టెను. వెంట తిరిగినవాడు అహ్మద్ అద్నాన్ సైగున్ అను స్థానిక స్వరకర్త. పదేండ్లకు, 1946లో, సైగున్ రచించిన యూనుస్ ఎమ్రె గేయరూపకము అంకారాలో గాయకబృందముతో, పాశ్చాత్య వాద్యబృందముతో వినిపించినది. అతని సమకాలికుడు ఉల్వీ జెమాల్ ఎర్కిన్ 1943లో కొచెక్చె అను నృత్యమాలికను రచించి, అక్సాక్ లయలను వాద్యబృందమునకు నేర్పెను. అక్సాక్ అనగా కుంటినడక. తొమ్మిది మాత్రలను మూడు మూడుగా గాక రెండు, రెండు, రెండు, మూడుగా విరుతురు. పల్లెపాటను ఉన్నదున్నట్లు వయొలిన్లకు అప్పగించినచో అది అలంకారమే యగును. దాని నడకతో క్రొత్త రచనను నడిపించుటయే కష్టము.

ఇప్పుడు మన ద్విపదను లెక్కింపుడు. ఇంద్రగణమునకు నాలుగో ఐదో మాత్రలు, సూర్యగణమునకు మూడే. వారిది మూడు పొట్టి, ఒక పొడుగు. మనది మూడు పొడుగు, ఒక పొట్టి. ప్రతిపాదము చివర ఒక చిన్న తడబాటు. మన స్వరకర్తకు కావలసిన విత్తనము ఇందే యున్నదని నా అభిప్రాయము. 1947లోను 1966లోను పల్నాటి యుద్ధము చలనచిత్రములుగా వచ్చి కథను ఊరూరికి చేర్చినవి. ఈ నడకపై పెద్ద వాద్యరచన చేయుట వేరు పని.

అయితే పుస్తకములోని లెక్క చాలదు. పాడువాడు గణమును సాగదీయును, ఒక్కొక్కచోట మ్రింగును. ఎక్కడ, ఎంత అనునది అతని గొంతులోనే యున్నది. రేడియోవారమైన మేమును నిర్దోషులము కాము: ఐదుదినముల గాథను పదునైదు నిమిషములకు కత్తిరింపుమని గాయకుని అడిగినవారమే. అతడు కత్తిరించెను, మొదట పోయినది ఆ సాగదీతయే.