మూడు చక్రాల క్రూయిజర్: క్యాన్-యామ్ స్పైడర్ ఎఫ్3

క్యాన్-యామ్ స్పైడర్ ఎఫ్3 కెనడా సంస్థ బీఆర్‌పీ 2015 మోడల్‌గా తెచ్చిన మూడు చక్రాల మోటార్‌సైకిల్. స్కీ-డూ మంచు బళ్లతో పేరు పొందిన ఈ సంస్థ తొలి స్పైడర్‌ను 2007లో విడుదల చేసింది. ఎఫ్3తో ఆ వరుసలోకి క్రూయిజర్ తీరు వచ్చి చేరింది.

క్రూయిజర్ అంటే కిందికి దిగిన సీటు, కాళ్లు ముందుకు చాపుకొని తాపీగా సాగే సుదూర ప్రయాణం. ఎఫ్3 సీటు ఎత్తు 675 మిల్లీమీటర్లే. నడిపేవారి పొడవును బట్టి ఫుట్‌రెస్టులను ముందుకూ వెనక్కూ జరుపుకోవచ్చు, తగిన హ్యాండిల్ ఎంచుకోవచ్చు.

ఆటోకు ముందు ఒక చక్రం, వెనుక రెండు ఉంటాయి. స్పైడర్‌కు ముందు రెండు, వెనుక ఒకటి. బ్రేకు వేయగానే ఏ బండి బరువైనా ముందుకు మొగ్గుతుంది. మలుపులో అలా జరిగితే ముందు ఒకే చక్రమున్న బండి ఒరిగిపోయే ప్రమాదం ఎక్కువ. ముందు రెండు చక్రాలుంటే ఆ భారాన్ని రెండు టైర్లు పంచుకుని రోడ్డును గట్టిగా పట్టుకుంటాయి.

అయితే ఇది బైకులా మలుపులో వాలదు. హ్యాండిల్‌ను తిరగాల్సిన వైపే తిప్పాలి. బయటికి తోసేసినట్టు అనిపిస్తుంది కాబట్టి నడిపేవారే ఒంటిని లోపలికి వంచాలి. ఎంత అనుభవమున్న బైకు చోదకుడైనా ఈ అలవాటును కొత్తగా నేర్చుకోవాల్సిందే. లోపలి చక్రం నేలను వదిలే సూచన కనిపిస్తే, బాష్ సంస్థతో కలిసి రూపొందించిన స్థిరత్వ వ్యవస్థ ఇంజిన్ శక్తిని తగ్గించి, అవసరమైన చక్రానికి బ్రేకు వేస్తుంది.

దీని 1330 సీసీ మూడు సిలిండర్ల రోటాక్స్ ఇంజిన్ 115 హార్స్‌పవర్ ఇస్తుంది. ఆ శక్తి బెల్టు ద్వారా వెనుక చక్రానికి చేరుతుంది. చేతి బ్రేకు లీవరు లేదు. కాలి పెడల్ ఒక్కటే మూడు చక్రాలనూ ఆపుతుంది. బండి బరువు 380 కిలోలు దాటుతుంది కాబట్టి రివర్స్ గేరు కూడా అమర్చారు.

ఆగినప్పుడు కాలు మోపి బండిని నిలబెట్టాల్సిన పనిలేదు. మోకాళ్ల బలం తగ్గినవారికి ఇది పెద్ద ఊరట. కాలిఫోర్నియా వంటి కొన్ని అమెరికా రాష్ట్రాల్లో కారు లైసెన్సుతోనే నడపవచ్చు. ఈ నిలకడకు మూల్యం వెడల్పు: దాదాపు ఒకటిన్నర మీటర్లు. వాహనాల సందుల్లోంచి దూరడం కుదరదు. మూడు చక్రాలవీ మూడు దారులు కావడంతో, ముందు చక్రాలు తప్పించుకున్న గుంతలో వెనుక చక్రం పడవచ్చు.